పురుగు కొట్టిన కిటికీ

నర్సీపట్నం,
ఆగస్టు 11.

తమ్ముడు సత్యప్రకాష్‌కి,

మేం బాగున్నాం. పాయకరావుపేటలో మీరు కూడా బాగున్నారనుకుంటున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఈ ఏడాది కుడిదీ పోయింది. ఫోన్ పెట్టుకుంటే కందిరీగ తిరిగినట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. మెసేజ్ పెడితే మీ వదిన చదివాకే అది నా దాకా వస్తుంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు తెచ్చుకున్నాను.

నిన్న ఆరాధన అయ్యాక బెన్హర్ నా చెయ్యి పట్టుకుని ఊపి నవ్వాడు. కమిటీ సెక్రటరీ అయ్యాక వాడు ఊరికే నవ్వడు. ఇంటికొచ్చాక మీ వదిన కాగితం మీద రాసి చూపించింది. చర్చి వందేళ్ల పండగకి వేదిక వెనక గోడ నిండా క్రిస్మస్ బొమ్మ వేయిస్తున్నారట. వేసేది నువ్వట. అందుకు నేను ఒప్పుకున్నానట.

నేను ఎప్పుడు ఒప్పుకున్నాను? ఆ బొమ్మ ఏటేటా తెర గుడ్డ మీద వేసింది నాన్న. నాన్న తర్వాత నేను. విరిగిన స్తంభాలు, సగం కూలిన కమాను, దాని కింద పాక, పాకలో బాలయేసు. ఈ ఊళ్లో క్రిస్మస్ అంటే అదే. ఫ్లెక్సీ వచ్చి నా తెరని మూలన పెట్టినప్పుడు కూడా నేను ఎవరినీ ఏమీ అనలేదు. గోడ దగ్గరికి వచ్చేసరికి నిన్ను పిలుస్తారా? నువ్వు పెళ్లి పందిళ్లకి డెకరేషన్ చేసుకునేవాడివి.

నువ్వు వెళ్లి అడిగావా, వాళ్లే పిలిచారా? ఈ ఒక్కటీ రాయి.

అన్నయ్య
జీవరాజు


పాయకరావుపేట,
ఆగస్టు 19.

అన్నయ్యకి, వదినకి వందనాలు.

నేను అడగలేదు. బెన్హరే ఫోన్ చేశాడు. అన్నయ్య ఉండగా నేనెందుకన్నాను. వాడన్న మాట వాడన్నట్టే రాస్తున్నాను.

"మీ అన్నయ్యకి నానే ఫోన్ సేసినాను. సత్యం సేత ఏయిద్దామేటి అంటే అలాగే అన్నాడు. నీకేటీ అడ్డు నేదు గదా అంటే అలాగే అన్నాడు. ఒంట్లో ఎలాగుంది అంటే దానికీ అలాగే అన్నాడు. అక్కడ కూసింత డౌటొచ్చింది గానీ, అప్పటికే ఒప్పీసుకున్నాడు గదా."

వినబడనప్పుడు వినబడలేదని చెప్పాలి అన్నయ్యా. అన్నిటికీ అలాగే అంటే ఇలాగే అవుతుంది.

ఇక పందిళ్ల సంగతి. నేను చేసేవి కూడా ఆ స్తంభాలే. ఇప్పుడు పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకోవడం వచ్చింది కదా, పిల్లలు రోము కోటలాగా విరిగిన స్తంభాలు కావాలంటారు. మొన్న తునిలో థర్మాకోల్‌తో అలాగే చేసి నిలబెట్టాను. పెళ్లికూతురి మేనత్త లోవలక్ష్మి గారొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "పెళ్లంటే ఇల్లు కట్టుకోడం గదా బాబూ, ఈ కూలిపోయిందేటి? సిమెంటెట్టి అతికించీ." అతికించాను. పెళ్లికొడుకు మొహం మాడ్చుకున్నాడు.

గోడ బొమ్మకి పెదనాన్న చూసి వేసిన ఆ పటం కావాలి. మిషన్ బంగళా దొరసాని గారు ఆయనకి ఇచ్చింది నీ దగ్గరే ఉంది కదా. పది రోజులకి ఇస్తే చూసుకుని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాను.

తమ్ముడు
సత్యప్రకాష్


నర్సీపట్నం,
సెప్టెంబరు 4.

తమ్ముడికి,

పటం కనబడటం లేదు. ఇంటికి సున్నం వేయించినప్పుడు సామాను అటూ ఇటూ అయింది. ఎక్కడుందో తెలియదు. వెతుకుతాను గానీ, నమ్ముకుని కూర్చోవద్దు.

ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకు. విరిగిన స్తంభం వెయ్యడమంటే స్తంభం వేసి తల తీసెయ్యడం కాదు. నాన్న ముందు బొగ్గుతో మొత్తం మేడ నిలబెట్టేవాడు. పైకప్పుతో సహా. ఏ స్తంభం ఎంత బరువు మోసిందో చూసుకుని, అప్పుడు ఒక్కొక్కటే చెరుపుకుంటూ వచ్చేవాడు. బరువు ఎటు ఉందో తెలియకపోతే ఎటు విరుగుతుందో తెలియదనేవాడు. థర్మాకోల్‌కి బరువు లేదు. అది నీ తప్పు కాదు.

నీ దగ్గర పటమూ లేదు, ఈ పద్ధతీ లేదు. కమిటీ ఏం చూసి ఇచ్చిందో నాకు తెలియదు.

అన్నయ్య
జీవరాజు

సత్యం, పోస్టులో వెయ్యమని కవరు నా చేతికిచ్చారు. అంటించే లోపు ఇది రాస్తున్నాను. పటం ఎక్కడికీ పోలేదు. పరుపు కింద ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి దాని మీదే పడుకుంటున్నారు. నడుం నొప్పి అంటున్నారు కూడా. - వదిన


పాయకరావుపేట,
సెప్టెంబరు 27.

అన్నయ్యకి వందనాలు.

పటం గురించి వెతకవద్దు. నీ నిద్ర పాడుచేసుకోవద్దు.

సోఫియా వైజాగ్ నుంచి సెలవుకి వచ్చింది. చర్చి డెబ్భై అయిదేళ్ల సావనీరులో ఆ పటం ఫోటో చిన్నది ఉంది కదా, దాన్ని ఫోన్‌కి చూపించి వెతికింది. నా కూతురికి రెండు నిమిషాల పని. యూరపులో ఒక మ్యూజియంలో అదే బొమ్మ ఉంది. మరక లేదు, మడత లేదు. గడ్డిపోచతో సహా కనబడుతోంది. అది చూపిస్తే కమిటీ వాళ్లు వేరే మాట లేకుండా సరేనన్నారు.

దానితో పాటు అలాంటివి కొన్ని వందలు చూశాను. అక్కడ కూలిపోయిన గుళ్లూ కోటలూ గియ్యడమే వృత్తిగా బతికిన వాళ్లు ఉన్నారట. రాజుల కాలం నాటి గుడి కూలిపోయి ఉంటుంది. దాని మెట్ల మీద ఒకడు మేకలు కాస్తుంటాడు. రెండు స్తంభాలకి తాడు కట్టి ఒకామె బట్టలు ఆరేస్తుంటుంది. మూలన ఇద్దరు టోపీల వాళ్లు కర్రతో ఏదో చూపించుకుంటూ ఉంటారు. ధనవంతులు ఇవి కొని భోజనాల గదిలో పెట్టుకునేవారట. క్రిస్మస్ బొమ్మలో కూడా ఆ కూలిన మేడ ఊరికే పెట్టింది కాదు. పాత రాజ్యం పోయింది, ఆ చోటే కొత్త రాజు పుట్టాడని అర్థమట. మన ముసలమ్మలు అది ఈ ఊరి మిషన్ బంగళా అనుకుంటున్నారు కదా. అది కూలిపోయాక దేవుడే బొమ్మ గీయించాడంటారు.

ఇంకొకటి. కమాను భుజం మీద మీరు వేసే కిటికీ లేదూ, లోపల వెలుతురుతో. ఊరంతా చెప్పుకునేది. అసలు బొమ్మలో అది లేదు. అక్కడ రాయి, దాని మీద ఒక పిచ్చిమొక్క. అంతే. మన పటానికి ఆ చోట పురుగు కొట్టింది. పెదనాన్న ఆ కన్నాన్ని కిటికీ అనుకున్నాడు. నువ్వు ముప్ఫయ్యేళ్లు పురుగు కన్నం వేశావు.

గోడ మీద ఉన్నదున్నట్టు వేస్తాను.

సత్యప్రకాష్


నర్సీపట్నం,
అక్టోబరు 6.

సత్యప్రకాష్‌కి,

మా నాన్న కన్నాన్ని కిటికీ అనుకోలేదు. కన్నమని ఆయనకి తెలుసు. దాని కింద దొర ఏం గీశాడో తెలియదు గనక తన సొంతం ఏదీ కల్పించలేదు. ఏం చేశాడో నాకు తెలుసు. నీకు తెలియదు. అంతకంటే చెప్పను.

మీ నాన్న పోయాక నిన్ను తెచ్చి మాతో పాటు పెంచిన మనిషి గురించి రాసేటప్పుడు ఆ సంగతి గుర్తు పెట్టుకుని రాయి. నీ కూతురి ఫోన్‌లో అన్నీ ఉంటాయి కదా. ఇకమీదట అందులోనే అడుగు.

జీవరాజు


నర్సీపట్నం, చర్చి వెస్ట్రీ గది,
నవంబరు 12.

అన్నయ్యకి వందనాలు.

మీ ఇంటికి నాలుగు వీధుల అవతల, వేదిక గోడ వెనక గదిలో ఉండి ఉత్తరం రాస్తున్నాను. వదిన రెండుసార్లు భోజనం పంపించింది. నువ్వు రమ్మన్నట్టు లేదు గనక రాలేదు.

బొమ్మ మూడు వంతులు అయింది. స్తంభాలు అయ్యాయి, కమాను అయింది, పాకకి గడ్డి అయింది. ఆదివారం అందరూ చూశారు. కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. చివరికి దయావతి గారు కర్ర టకటకమనిపించుకుంటూ గోడ దాకా వచ్చారు. ఆమెకి తొంభై దాటాయి గానీ గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఏటి సత్యం, కిటికీ ఏదీ?"

"అసలు బొమ్మలో లేదండి."

"మన బంగళాకి ఉండీది గదా. నాను తుడిసినాను ఆ కిటికీ. నీకు తెలుసేటి, ఆ బొమ్మ గీసినోడికి తెలుసేటి?"

అందరూ ఆమె పక్షమే. బెన్హర్ నన్ను పక్కకి పిలిచి, "ఓ కిటికీ ఎట్టీ, పోయిందేటి" అన్నాడు. పెట్టాను. పసుపు కలిపిన తెలుపు వేశాను. అప్పడం అంటించినట్టు ఉంది. తుడిచి నారింజ కలిపాను. పిల్లలు చూసి గుడ్డు అన్నారు. ఇప్పటికి చాలాసార్లు తుడిచాను. ఆ చోట సున్నం లేచిపోతోంది.

నాకు ఆ కిటికీ ఎలా ఉంటుందో తెలియదు అన్నయ్యా. నువ్వు ఎప్పుడైనా ఆలోచించావా? మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, నా పెళ్లయ్యే దాకా, ప్రతి క్రిస్మస్‌కీ తెర వెనక పెట్రోమాక్స్ లైటు పట్టుకుని నిలబడింది నేను. "సత్యం చెయ్యి కదలదు" అని పెదనాన్న మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ణి. హాల్లో లైట్లు తీసేశాక ముందు నుంచి అందరూ ఒక్కసారి "ఆ..." అనేవారు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎందుకు అంటున్నారో తెలియదు. ముందు బెంచీలో పెదనాన్న పక్కన నువ్వు ఉండేవాడివి. బయటికొచ్చాక జనం నీ భుజం తట్టేవారు. నేను కిరసనాయిలు కంపు కొడుతూ వచ్చేవాణ్ణి. పెళ్లయ్యాక పేట వెళ్లిపోయాను. మళ్లీ క్రిస్మస్‌కి ఇక్కడికి రాలేదు. ఎందుకు రాలేదో నువ్వు ఎప్పుడూ అడగలేదు.

ఈ గోడ ఇస్తామన్నప్పుడు నేను కాదని ఎందుకు అనలేదో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది.

ఆ కిటికీ ఏ రంగు? అంచు ఎలా ఉండేది?

తమ్ముడు
సత్యం


నర్సీపట్నం,
నవంబరు 25.

సత్యానికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వెంటనే రాయబుద్ధి కాలేదు.

బొమ్మ చూశాను. నువ్వు మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కి వెళ్లినప్పుడు వాచ్‌మన్ జోగులు తలుపు తీశాడు. ఎడమ చివర ఉన్న స్తంభం బాగా వచ్చింది. విరిగిన చోట రాయి లోపలి తెలుపు కనబడుతోంది. అది నాన్నకి రాలేదు. నాకూ రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మీ వదిన జ్వరమా అని నుదురు పట్టుకుని చూసింది.

నువ్వు వెనక ఉన్న సంగతి నేను ఆలోచించానా అని అడిగావు. ఆలోచించలేదు. ఎవరో ఒకరు లైటు పట్టుకోవాలి కదా అనుకున్నాను. పైగా నాన్న రాత్రి భోజనాల దగ్గర నీ చెయ్యి గురించే చెప్పేవాడు. నేను తెరంతా వేస్తే నా గురించి చెప్పేవాడు కాదు. అది నీకు పొంగు, నాకు కడుపుమంట.

కిటికీకి రంగు లేదు. అక్కడ నాన్న ఏమీ వెయ్యలేదు. తెరంతా రెండు మూడు పూతలు దట్టంగా వేసి, ఆ చోట మాత్రం గంజి పెట్టిన గుడ్డని ఉత్తినే వదిలేసేవాడు. పటం తెచ్చి పురుగు కొట్టిన కన్నం ఎలా ఉందో అలాగే, ఆ వంకర అంచుతో. తెలియనిది గియ్యకూడదు, వదిలెయ్యాలి అనేవాడు. వెనక నువ్వు లైటు పట్టుకుంటే వెలుతురు ఆ ఒక్క చోటు నుంచే వచ్చేది. ఎలా ఉండేదంటే, ఇల్లంతా కూలిపోయింది గానీ ఆ ఒక్క గదిలో ఎవరో ఉన్నారు, ఇంకా పడుకోలేదు అన్నట్టు ఉండేది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నీ వల్ల కాదు గనక. నీది గుడ్డ కాదు, గోడ. గోడ వెనక ఎన్ని లైట్లు పెట్టినా ఇవతలికి రాదు. కన్నం పెట్టుకుంటే తప్ప ఆ కిటికీ నీకు రాదు. చర్చి గోడకి కన్నం ఎవరు పెట్టనిస్తారు?

జీవరాజు


నర్సీపట్నం, చర్చి వెస్ట్రీ గది,
డిసెంబరు 13.

అన్నయ్యకి వందనాలు.

పెట్టనిచ్చారు.

నీ ఉత్తరం కమిటీలో చదివాను. మొదటి సగం కాదు, కిటికీ సంగతి మాత్రమే. బెన్హర్ లేచి నిలబడ్డాడు. "గుడికి కన్నం ఎడతానంటావేటి? మనం భక్తులమా, దొంగలమా?" గంట సేపు అదే గొడవ. గోడ బలం పోతుందని ఒకరు, పిచ్చుకలు దూరతాయని ఒకరు. దయావతి గారు అంతా విని, "ఆ బొమ్మలో మేడంతా పడిపోనాది. ఒక్క కన్నానికి ఏటైపోద్ది? బేగి ఎట్టీండి. నాను పోయేలోపు సూడాల" అన్నారు. దాంతో అందరూ సరేనన్నారు.

మేస్త్రీ గంగులు నాలుగు ఇటుకలు తీశాడు. కూలీ పని మొదలుపెట్టినప్పటి నుంచీ అందరూ గోడ సాపుగా చెయ్యమన్న వాళ్లే గానీ, పాడుగా చెయ్యమన్నవాణ్ణి నన్నే చూశాడట. ప్రతి దెబ్బకీ ఆగి, "సాలా, ఇంకా పాడవ్వాలా?" అని అడిగాడు. వెనక ఈ గదిలో పెళ్లిళ్లకి వాడే ఫోకస్ లైటు ఒకటి పెట్టాను. కన్నానికి గంజి గుడ్డ బిగిస్తాను.

అంచు ఒక్కటే మిగిలింది. అది నా ఊహ మీద చెయ్యను. పురుగు ఎలా కొట్టిందో అలాగే రావాలి. దానికి మ్యూజియం బొమ్మ పనికిరాదు. మన పటమే కావాలి. పరుపు కింద ఉన్నది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఆరాధనలో, పాట చివరి చరణానికి హాల్లో లైట్లు తీసేస్తారు. ఇక్కడ స్విచ్ వెయ్యమని జోగులుకి చెప్పాను. మొదటి బెంచీలో నీకూ వదినకీ చోటు ఉంచమన్నాను. నేను కూడా అక్కడే కూర్చుంటాను. ఈసారి ముందు.

రా.

సత్యం


నర్సీపట్నం,
డిసెంబరు 27.

సత్యానికి,

నువ్వు మర్నాడే ఫస్ట్ బస్సుకి పేట వెళ్లిపోయావని మీ వదిన చెప్పింది. నేను మాట్లాడటానికి రాలేదని బాధపడి ఉంటావు.

పటం గంగులుతో పంపించింది మీ వదిన కాదు. నేను.

మొదటి బెంచీలో నేను లేకపోవడం చూసే ఉంటావు. గుమ్మం దాకా వచ్చాను. నీ గోడ ముందు కూర్చుని, పక్కన నువ్వు ఉండగా, జనం నీ భుజం తట్టడం చూడాలని లేదు. ఉన్న మాట ఇది. పక్క తలుపు నుంచి వెస్ట్రీలోకి వెళ్లి జోగులుని పంపించేశాను. వాడు ఏదో అన్నాడు, అలాగే అన్నాను.

నాకు పాట వినబడదు కదా. గుర్తు ఆ కన్నమే. గుడ్డ లోంచి హాల్లో వెలుతురు కనబడుతోంది. అది నల్లబడగానే స్విచ్ వెయ్యాలి. నల్లబడింది. చెయ్యి స్విచ్ మీదే ఉంది. వెయ్యలేదు.

వెయ్యకపోతే ఏమవుతుందో అనుకున్నాను. అంత మంచి బొమ్మ మధ్య ఒక నల్లటి కన్నం ఉంటుంది. ఊరంతా దాన్నే చూస్తుంది. నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. చెవిటివాడు, పాట వినబడలేదు పాపం అంటారు. కొంచెం సేపు అలాగే కూర్చున్నాను. ఎంత సేపో నీకే తెలుస్తుంది, చీకట్లో చూస్తూ కూర్చున్నవాడివి నువ్వు.

తర్వాత వేశాను.

నీ ఫోకస్ లైటు సెగ మొహానికి కొట్టింది. ఎడమ పక్కకి తిప్పుకుంటే ఇనప్పెట్టె, కుడి పక్కకి తిప్పుకుంటే పాత కుర్చీలు. చూడటానికి ఏమీ లేదు. వెనక నుంచి అది ఒక బల్బు, నాలుగు ఇటుకల సందు, ఒక గుడ్డముక్క. పైగా నాకు ఆ చప్పుడు కూడా వినబడదు. నీకు అదైనా ఉండేది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. తెలియలేదు.

దయావతి గారు ఏడ్చారని మీ వదిన కాగితం మీద రాసి చూపించింది. ఆమె పెళ్లిళ్లలో కూడా ఏడుస్తుంది. నేను నమ్మను. మీ వదిన బాగుంది అంది. ఆమెకి అన్నీ బాగుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి లైటు వేసుకుని చూడొచ్చు గానీ, నేనొక్కణ్ణే వేసి ముందుకి వచ్చేసరికి జోగులు కరెంటు దండగని ఆపేస్తున్నాడు.

నువ్వు మొదటి బెంచీలో ఉన్నావు. కిటికీ ఎలా ఉందో రాయి. ఉన్నదున్నట్టు రాయి. బాగుందని రాస్తే నాకు కష్టంగానే ఉంటుంది. అయినా రాయి.

అన్నయ్య
జీవరాజు